ఇటుకల కంటే ముందు నీడ: స్ప్రింగర్ పద్ధతిలో ఒక డచ్ వీధిని గీయడం

డచ్ చిత్రకారుడు కార్నెలిస్ స్ప్రింగర్ చిత్రం ముందు నిలబడ్డ ఎవరి నోటైనా ముందు వచ్చే మాట, "అబ్బ, ఎంత ఓపిక!" గోడలో ఇటుకలు తెలుస్తాయి, కిటికీల్లో చిన్న చిన్న అద్దాలు తెలుస్తాయి, గుమ్మం ముందు రాతిమెట్టు కూడా తెలుస్తుంది. అది చూసి ఉత్సాహం పట్టలేక చాలామంది సన్న బ్రష్ తీసుకుని నేరుగా ఇటుకల దగ్గరే మొదలుపెడతారు. బొమ్మ అక్కడే చచ్చిపోతుంది. ఇళ్ల ప్లాన్లు, ఎలివేషన్లు గీయడం నా ఉద్యోగం. సాయంత్రాలూ సెలవులూ మాత్రం స్ప్రింగర్‌వే. ఆయన చిత్రాల్ని కాపీ చేస్తూ, ఆయన గీసిన ఊళ్లలో తిరిగి గీస్తూ ఉంటే నాకు గట్టిగా తెలిసివచ్చిన సంగతి ఒకటుంది. ఆ వీధుల్ని నిలబెట్టేది నీడ. నీడ సరిగ్గా పడితే ఇటుకలు సగం వేసినా గోడ గోడలాగే ఉంటుంది. నీడ తప్పితే ఎన్ని ఇటుకలు పేర్చినా అది అట్టముక్కే.

ముందు మనిషి గురించి నాలుగు మాటలు. స్ప్రింగర్ 1817లో ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టాడు, 1891లో హిల్వర్సమ్‌లో పోయాడు. వాళ్లది ఇళ్లు కట్టే కుటుంబం. నాన్న కాంట్రాక్టరు, అన్న హెండ్రిక్ ఆర్కిటెక్టు. పర్‌స్పెక్టివ్, అంటే దూరం పెరిగేకొద్దీ వస్తువులు చిన్నవవుతూ కనిపించేలా గీసే పద్ధతి, ఆ అన్న దగ్గరే నేర్చుకున్నాడు. తర్వాత కాస్పరస్ కార్సెన్ అనే పట్టణ దృశ్యాల చిత్రకారుడి దగ్గర శిష్యరికం చేశాడు. కార్సెన్‌కి ఊహలో ఊళ్లు కట్టడం ఇష్టం. స్ప్రింగర్ తొలి చిత్రాల్లోనూ ఆ అలవాటు కనిపిస్తుంది: ఎక్కడిదో గోపురం, ఎక్కడిదో వంతెన, అన్నీ కలిపి ఒక అందమైన ఊరు. 1850 ప్రాంతం నుంచి మాత్రం నిజంగా ఉన్న వీధుల వైపు తిరిగాడు. ఆయనకంటే ఒక్క ఏడాది చిన్నవాడైన అద్రియానస్ ఎవర్సెన్ ఎక్కువగా ఊహా పట్టణాలతోనే ఉండిపోయాడు. ఇద్దరి చిత్రాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఎవర్సెన్ వీధి ముచ్చటగా ఉంటుంది, స్ప్రింగర్ వీధిలో మాత్రం అడ్రస్ ఉంటుంది. నాకు రెండోదే కావాలి. అందుకే కింద చెప్పేదంతా నిజం వీధికి సంబంధించిన పద్ధతి.

వీధిని ఎంచుకోవడం

నెదర్లాండ్స్‌లో ఉన్నా, అటు వెళ్లే వీలున్నా ఎంక్‌హౌజెన్ వెళ్లండి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో సుమారు గంట. స్ప్రింగర్ మళ్లీ మళ్లీ గీసిన ఊరు అది. పదిహేడో శతాబ్దంలో హెర్రింగ్ చేపల వేటతో, సముద్ర వ్యాపారంతో బాగా బతికిన రేవు. డచ్ ఈస్టిండియా కంపెనీ శాఖల్లో ఒకటి అక్కడే ఉండేది. తర్వాత వ్యాపారం పడిపోయింది, జనం వలసపోయారు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టడానికి చేతిలో డబ్బుండాలి కదా. అది లేకపోవడం వల్లే పాత గోడలు చాలావరకు అలాగే మిగిలాయి. స్ప్రింగర్ కాలానికి పెద్ద నగరాల్లో కోట గోడలు, ఊరి ద్వారాలు కూలుతున్నాయి. జౌడర్‌జే అనే సముద్రపు పాయ ఒడ్డున పేదరికంలో పడ్డ ఇలాంటి ఊళ్లే ఆయనకు నిధి అయ్యాయి. ఆయన ఎంక్‌హౌజెన్‌లోని జౌడర్‌హావెన్‌దైక్ వీధిని చిత్రించిన 1868 నాటికి ఆ ఊరికి రైలు కూడా రాలేదు, అది వచ్చింది 1885లో. 1932లో అడ్డుకట్ట పూర్తయ్యాక ఆ జౌడర్‌జే కాస్తా ఐసెల్‌మేర్ అనే సరస్సు అయిపోయింది.

వెళ్లలేకపోతే బెంగ అక్కర్లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం తన దగ్గరున్న పాత చిత్రాల్ని పెద్ద సైజులో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిస్తుంది. అక్కడ స్ప్రింగర్ పేరు వెతకండి. దొరికిన చిత్రాన్ని తెరిచిన వెంటనే జూమ్ చేయకండి. కళ్లు సగం మూసి చూడండి. వివరాలన్నీ కరిగిపోయి వెలుగు ముద్ద ఒకటి, నీడ ముద్ద ఒకటి మిగులుతాయి. ఆ రెండింటి మధ్య గీత ఎటు నుంచి ఎటు పోతోందో ఒక చిన్న కాగితం మీద వేసుకోండి. ఇది అగ్గిపెట్టెంత బొమ్మ చాలు. ఈ పని అయ్యాకే జూమ్.

ఇల్లు తెలిసి గీయడం

ముందు గోడ పైకొసని, అంటే గేబుల్‌ని చూస్తే ఇంటి వయసు సుమారుగా తెలుస్తుంది. మెట్లమెట్లుగా పైకి పోయే గేబుల్ అయితే దాదాపు 1600-1665 మధ్యది. మధ్యలో నిటారుగా మెడలా లేచి రెండు పక్కలా చెక్కిన రాయి ఉంటే 1640 తర్వాతది. గంట ఆకారంలో వంపు తిరిగితే 1660 తర్వాతది. ఈ రెండూ పద్దెనిమిదో శతాబ్దంలో కూడా చాలాకాలం నడిచాయి. గోదాములకి సాదా త్రికోణం, కొసన చిన్న కొమ్ము. ఈ మాత్రం తెలిస్తే మెట్ల గేబుల్ ఇంటికి పెద్ద పెద్ద పలకల అద్దాలు పెట్టే పొరపాటు చేయరు. ఆ కాలపు కిటికీ శిలువలా నాలుగు గళ్లుగా ఉండేది, పై గళ్లలో సీసం పట్టీల మధ్య చిన్న అద్దాలు, కింది గళ్లకి చెక్క రెక్కలు. తర్వాతి యజమానులు కిటికీలు మార్చిన ఇళ్లు బోలెడు. అప్పుడు మార్చినట్టే గీయండి, ఇంటి కథ అదే.

గేబుల్ కింద ఒక దూలం బయటికి పొడుచుకుని ఉంటుంది. లోపల మెట్లు మరీ ఇరుకు, అందుకని సామాన్లు ఆ దూలానికి కప్పీ కట్టి కిటికీలోంచి పైకి లాగుతారు. లాగే సామాను గోడకి తగలకుండా, వాన గోడ మీద నుంచి కారకుండా చాలా ఇళ్ల ముందు గోడని కావాలనే కాస్త ముందుకు వాల్చి కట్టారు. ఇది గమనించకుండా స్కేలు పెట్టి నిటారుగా గీస్తే ఇల్లు చల్లగా, ప్రాణం లేనట్టు కనిపిస్తుంది. నేను ఒక దారానికి చిన్న బరువు కట్టి జేబులో పెట్టుకుంటాను. ఇంటి పక్క అంచు కనిపించే చోట నిలబడి, చెయ్యి చాచి దారాన్ని వేలాడదీస్తే గోడ ఎంత వాలిందో అక్కడే తెలిసిపోతుంది. పక్క ఇల్లు నేల కుంగి వెనక్కి వాలి ఉండొచ్చు. రెండు ఇళ్లూ ఒకదాన్నొకటి ఎలా ఆనుకుని ఉన్నాయో గీయగలిగితే సగం పని అయినట్టే.

వీధిలో చేయాల్సిన పని

స్ప్రింగర్ అక్కడికక్కడే పెన్సిల్‌తో, చాక్‌తో, నీటి రంగులతో స్కెచ్‌లు వేసుకుని, నూనె రంగుల చిత్రాన్ని స్టూడియోలో కూర్చుని తీరిగ్గా చేసేవాడు. మనమూ అంతే. వీధిలో పూర్తి బొమ్మ కోసం తాపత్రయపడొద్దు. మొత్తం వీధికి ఒక గీతల బొమ్మ. ఒక గుమ్మం, ఒక కిటికీ, ఒక గేబుల్ కొసకి విడివిడిగా దగ్గరి బొమ్మలు. వీటికి తోడు నీడ కోసమే ఒక బొమ్మ, దాని పక్కన టైమ్, నెల. నీడ బొమ్మ పది నిమిషాల్లో ముగించాలి, ఎందుకంటే నీడ ఆగదు. అరగంట తర్వాత గీత మారిపోయిందని దాన్ని దిద్దకండి. మొదట రాసుకున్న టైమ్‌కే కట్టుబడి ఉండండి. ఇళ్లలో ఒకదాని నీడ పదింటిదీ పక్కదాని నీడ పన్నెండింటిదీ అయిన బొమ్మలు చాలా చూస్తుంటాను. చూసేవాళ్లకి తప్పు ఎక్కడుందో చెప్పడం రాదు గానీ ఏదో నప్పలేదని మాత్రం వెంటనే తెలుస్తుంది.

కంటి మట్టం ఎక్కడో ముందే నిర్ణయించండి. మీరు నిలబడి గీస్తే అది నేలకి సుమారు 1.6 మీటర్ల ఎత్తు. చదునైన వీధిలో నిలబడ్డ పెద్దవాళ్ల తలలన్నీ దాదాపు ఆ గీత మీదకే వస్తాయి, దగ్గరున్నవాళ్లైనా దూరంగా ఉన్నవాళ్లైనా. మారేది పాదాల చోటే. ఈ ఒక్క సూత్రంతో వీధి చివర మనుషులు మరుగుజ్జుల్లా అయిపోవడం ఆగిపోతుంది.

నీడ లెక్క

ఇక్కడ తొందరపడకుండా చదవండి, అసలు పాఠం ఇదే. ఆమ్‌స్టర్‌డామ్, ఎంక్‌హౌజెన్ రెండూ 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంటాయి. జూన్ చివర్లో కూడా అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు 61 డిగ్రీల కంటే పైకి రాడు. మార్చి, సెప్టెంబర్ మూడో వారాల్లో 38 డిగ్రీలు. డిసెంబర్‌లో 14. అంటే ఏడాది పొడవునా వెలుగు పక్క నుంచే పడుతుంది, నీడలు చాలాసార్లు వీధి దాటి ఎదుటి గోడ ఎక్కుతాయి. స్ప్రింగర్ వీధుల్లో ఒక వరస ఎండలో మెరుస్తూ, ఎదుటి వరస నీడలో మునిగి ఉండటం నాటకీయత కోసం కల్పించింది కాదు. ఆ ఊళ్ల ఎండ అలాంటిది.

మొదటిసారి చేసేవాళ్లకి 45 డిగ్రీల సూర్యుణ్ణి తీసుకోమంటాను. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో అంత ఎత్తే ఉంటుంది, లెక్కా సులువు. 45 దగ్గర నీడ పొడవు, వస్తువు ఎత్తు సమానం. ఇప్పుడు తూర్పు పడమరలుగా పోయే వీధిని ఊహించండి. వెడల్పు 10 మీటర్లు. దక్షిణం వరసలో మెట్ల గేబుల్ ఇల్లు, కొస దాకా 12 మీటర్లు. సూర్యుడు సరిగ్గా దాని వెనక ఉన్నాడు. నీడ 10 మీటర్ల వీధిని మొత్తం కప్పేసి, ఎదుటి గోడ మీద ఇంకా 2 మీటర్లు పైకి పోతుంది. ఎదుటి గుమ్మం తలుపు నీడలో ఉంటుంది, దాని పై కిటికీ నుంచి ఎండ. అదే వీధికి సెప్టెంబర్ మూడో వారంలో వెళ్తే 38 డిగ్రీల సూర్యుడికి ఆ నీడ 4 మీటర్లు దాటి ఎక్కుతుంది, కింది అంతస్తు మొత్తం నీడే.

ఇంకో మంచి సంగతి. రెండు వరసల ముందు గోడలూ ఒకదానికొకటి సమాంతరం కాబట్టి, ఎదుటి గోడ మీద పడే గేబుల్ నీడ అసలు గేబుల్ సైజులోనే, అదే ఆకారంలో ఉంటుంది. కిందికి జరుగుతుంది, సూర్యుడు పక్కకి ఉంటే పక్కకీ జరుగుతుంది, అంతే. కాబట్టి మెట్ల గేబుల్ నీడ ఎదుటి గోడ మీద మెట్లు మెట్లుగానే రావాలి. దాన్ని ఏటవాలు గీతగా వేస్తే మోసం. బొమ్మలో ఒక్కచోట ఈ మెట్ల నీడని ఖచ్చితంగా వేయండి. చూసేవాళ్లకి ఫ్రేము బయట ఉన్న ఇల్లు కూడా ఉన్నట్టు అనిపిస్తుంది. కనబడని ఇంటిని కనబడే గోడ మీద నీడతో చెప్పగలగడం నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన భాగం.

నీడ అంచు సంగతి కూడా చూసుకోవాలి. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే నీడ ప్రయాణించేకొద్దీ అంచు మెత్తబడుతుంది. పైన చెప్పిన వీధిలో గేబుల్ కొస నుంచి ఎదుటి గోడకి వెలుగు సుమారు 14 మీటర్లు ప్రయాణిస్తుంది, అంచు పది సెంటీమీటర్లకు పైగా చెదురుతుంది. కిటికీ చట్రం కింద నీడ మాత్రం కత్తితో కోసినట్టు ఉండాలి. ఒకే గోడ మీద ఈ మెత్తని అంచూ ఆ పదునైన అంచూ రెండూ ఉంటేనే దూరం తెలుస్తుంది.

రంగు వేయడం

స్ప్రింగర్ చాలా చిత్రాలు చెక్క పలకల మీద వేశాడు. మనకి గెస్సో (రంగుకి ముందు పూసే తెల్లటి పూత) పట్టించి నున్నగా రుద్దిన ప్లైవుడ్ పలక చాలు, 30 × 40 సెంటీమీటర్లు మొదటి బొమ్మకి సరిపోతుంది. తెల్లటి గెస్సో మీద రా అంబర్ అనే గోధుమ రంగు పల్చగా పూసి తుడిచేయండి. అంబర్ త్వరగా ఆరుతుంది, మర్నాడే పని మొదలుపెట్టొచ్చు. రంగులు కొద్దిగానే: టైటానియం వైట్, యెల్లో ఓకర్, లైట్ రెడ్, బర్న్ట్ సియెన్నా, రా అంబర్, అల్ట్రామెరీన్, కోబాల్ట్ బ్లూ. నలుపు ట్యూబు పక్కన పెట్టేయండి. బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరీన్ కలిపితే ఇటుక నీడకి కావలసిన వెచ్చని చీకటి వస్తుంది.

మొదటి పూట మొత్తం నీడనంతా ఒకే ముద్దగా వేసేయండి. ఇళ్లు, నేల, మెట్లు అన్న తేడా వద్దు, నీడ అంతా ఒక్కటే. అది ఆరాక వెలుగు గోడలు: ఓకర్, లైట్ రెడ్, తెలుపు. ప్రతి ఇంటికీ పాళ్లు కొంచెం మార్చండి, ఎందుకంటే ఒక వీధి ఇటుకలన్నీ ఒక బట్టీవి కావు. ఆకాశం గోడల కంటే ముందే తడితడిగా వేసేసుకుంటే గేబుల్ కొసల్ని తర్వాత దాని మీద పదునుగా దించొచ్చు.

ఇప్పుడు ఇటుకలు. నా దగ్గర రంగులు నేర్చుకునే మా స్నేహితుడి కూతురు మొన్న అడిగింది, "బాబాయ్, మరి ఇవన్నీ వేయాలంటే ఎన్నాళ్లు పడుతుంది?"

"లెక్క నువ్వే వెయ్యమ్మా," అన్నాను. ఆ పాత ఇటుకలు సన్నం. సున్నంతో కలిపి ఒక వరస దాదాపు 5 సెంటీమీటర్లు. 10 మీటర్ల గోడకి 200 వరసలు. మన పలక మీద ఆ గోడ ఎత్తు 10 సెంటీమీటర్లు. వరసకి అర మిల్లీమీటర్. కాసేపు ఆలోచించి, "వేస్తే గోడ గీతల కాగితంలా అయిపోతుంది కదా," అంది. అదీ సంగతి. స్ప్రింగర్ గోడని జూమ్ చేసి చూస్తే అన్ని చోట్లా సమానంగా ఇటుకలు ఉండవు. నా పద్ధతి ఇది: నీడ లోపల ఇటుక గీత ఒక్కటి కూడా వద్దు. ఎండ బాగా కొట్టే చోట అక్కడక్కడ రంగు మారిన ఇటుక ఒకటి, చిన్న అడ్డ మచ్చగా. గీతలన్నీ వెలుగు నీడలు కలిసే అంచు దగ్గరే, ఒక చేతి వేలంత వెడల్పు పట్టీలో. ఎండ గోడని ఏటవాలుగా రాసుకుంటూ పోయేటప్పుడు కన్ను గరుకుతనాన్ని చూసేది అక్కడే. మిగతా గోడంతా చూసేవాళ్ల కన్నే కట్టుకుంటుంది. ఎర్ర ఇటుకల మధ్య లేత ఇసుకరాయి పట్టీలు ఉంటే మాత్రం వాటిని వదలకండి. అవి పర్‌స్పెక్టివ్‌ని మోసే గీతలు, ఒక్కోటీ వానిషింగ్ పాయింట్‌కి, అంటే దూరంగా పోయే గీతలన్నీ కలిసే చుక్కకి, సరిగ్గా పోవాలి.

కిటికీ అద్దాలు ఎండ వైపు ఆకాశాన్ని చూపిస్తాయి, నీడ వైపు ఎదుటి ఎండ గోడని చూపిస్తాయి. అందుకని నీడలోని కిటికీలో ఒకటి రెండు గళ్లలో వెచ్చని ఓకర్ మెరుపు పెట్టండి. స్వచ్ఛమైన తెలుపుని కిటికీ చట్రాలకి ఖర్చు చేయొద్దు. అది ఒకే ఒక్క చోట కావాలి, బహుశా ఎండలో నిలబడ్డ ఆడమనిషి తెల్ల టోపీ మీద.

మనుషుల్ని చివర్లో, కొద్దిమందినే పెట్టండి. వెలుగు నీడల గీత దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటూ, దూరంగా ఒక చేతిబండి, గుమ్మంలో ఒకరు. ముఖాలు అక్కర్లేదు. నిలబడ్డ తీరు చాలు.

ఏది వదిలేయాలి అని అందరూ అడుగుతారు. స్ప్రింగర్ రొమాంటిక్ కాలపు మనిషి, పాత కాలం మీద ప్రేమ దాచుకోలేదు. 1852లో ఆయన హేగ్ నగరాన్ని డెల్ఫ్ట్ కాలువ వైపు నుంచి చూపించినప్పుడు పదిహేడో శతాబ్దంలో ఉన్నట్టుగా చిత్రించాడు. నేనూ కార్లు, సైకిళ్లు, పార్కింగ్ బోర్డులు వదిలేస్తాను. అవి రేపు ఇంకో చోటికి పోయేవే. కానీ గేబుల్‌ని మార్చను, గోపురాన్ని జరపను, ఎండని అటు నుంచి ఇటు తిప్పను. కదిలేవాటి మీద మీకు హక్కుంది, కట్టినవాటి మీద లేదు. ఈ విషయంలో నేను పట్టుదల మనిషినే.

బొమ్మ అయ్యాక కనీసం ఆరు నెలలు ఆరనిచ్చి వార్నిష్ వేయండి. తొందరపడితే లోపలి పొరలు ఆరక పగుళ్లు వస్తాయి. పలక వెనక ఒక కాగితం అంటించడం మర్చిపోవద్దు. స్ప్రింగర్ పలకల వెనక చాలావాటికి, ఇది తన చేతి పనేనని ఆయనే రాసి సంతకం చేసి ముద్ర వేసిన కాగితం కనిపిస్తుంది. మీ కాగితం మీద వీధి పేరు, ఎటు వైపు చూస్తూ గీశారు, నెల, టైమ్, సూర్యుడి ఎత్తు రాయండి. వదిలేసిన వస్తువులేమిటో కూడా రాయండి. పెన్ను కాదు, పెన్సిల్ వాడండి, చాలా ఇంకులు ఏళ్లు గడిస్తే పాలిపోతాయి.